బెంచీ మధ్య ఇనుప కడ్డీ

కిందటేడు మా ఊరి నుంచి ఒక బాలింతను పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. లోపల తోడుగా ఒక్కరినే ఉండనిచ్చారు. మిగిలిన నలుగురం రాత్రికి ఎదురుగా ఉన్న చిన్న పార్కులోకి చేరాం. కొత్త బెంచీలు. ఒక్కోదానికి రెండేసి ఇనుప కడ్డీలు అడ్డంగా వంచి బిగించారు. కూర్చోవచ్చు, నడుం వాల్చలేం. మాతో వచ్చిన పెద్దయ్య అటూ ఇటూ ఒదిగి చూసి, చివరికి గడ్డి మీద తువ్వాలు పరుచుకున్నాడు. "ఈ కడ్డీలు ఎవరు పెట్టించార్రా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు అవి సోకు కోసం అనుకున్నాం. తర్వాత చదివి తెలుసుకున్నాం, ఇది మన పట్నాల్లో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో బస్సు ఆగేచోట పీపాలా గుండ్రంగా ఉండే బెంచీలు వేశారని మైక్ డేవిస్ 1990లో తన పుస్తకంలో రాశాడు. ఇల్లు లేనివాడు వాటి మీద పడుకుంటే జారిపోతాడు. లండన్‌లో కామ్డెన్ కౌన్సిల్ 2012లో వేయించిన బెంచీ ఇంకా తెలివైనది. అది ఒకే కాంక్రీటు ముద్ద. పైభాగం ఎక్కడా చదునుగా ఉండదు కాబట్టి నిద్ర పట్టదు. సందులు లేవు కాబట్టి మత్తుమందు దాచలేరు. రంగులు పూసినా సులువుగా పోతాయి. దొంగలు లాక్కుపోకుండా సంచీ పెట్టుకోవడానికి కింద చిన్న గూడు కూడా ఉంది. ఇన్ని ఆలోచించినవారు అలిసిపోయిన మనిషి గురించి ఆలోచించలేదని అనలేం. ఆలోచించే చేశారు.

కడ్డీ ప్రతిసారీ చెడ్డదని మేము చెప్పడం లేదు. తెల్లారి పెద్దయ్య ఆ కడ్డీనే పట్టుకుని లేచాడు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు అది ఆసరా. రాత్రంతా ఒకరే బెంచీ నిండా పడుకుంటే, పొద్దున బిడ్డనెత్తుకుని వచ్చే తల్లి ఎక్కడ కూర్చుంటుంది? ఇదీ న్యాయమైన ప్రశ్నే. కానీ ఆసరా కోసమైతే కడ్డీ ఒక చివరన ఉన్నా చాలు కదా.

మమ్మల్ని బాధపెట్టింది వేరే సంగతి. "ఇక్కడ పడుకోరాదు" అని బోర్డు ఉంటే చదివేవాళ్లం, ఎందుకని అడిగేవాళ్లం, అర్జీ పెట్టేవాళ్లం. అడవిలోకి రావద్దన్న చట్టాలతో మన పెద్దలు అలాగే తలపడ్డారు. అవి కాగితం మీద ఉన్నాయి కాబట్టి వాటితో వాదించగలిగారు. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇనుప కడ్డీతో ఎలా వాదిస్తాం? అది మాట్లాడదు. కాపలావాడు లేడు, కసిరినవాడు లేడు. నీకే నిద్ర పట్టలేదు, నువ్వే లేచి పోయావు అన్నట్టు ఉంటుంది.

ఊరికి తిరిగొచ్చాక ఈ మాటే చింతచెట్టు కింద బండ మీద కూర్చుని చెప్పుకుంటున్నాం. మనదైతే అందరి బండ, ఎవరైనా కూర్చోవచ్చు, పడుకోవచ్చు అన్నాం గర్వంగా. నీళ్ల బిందెతో వెళ్తున్న ఒక అక్క ఆగి, "నేను ఎప్పుడైనా దాని మీద కూర్చోగా చూశారా?" అంది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మీటింగులప్పుడు ఆడవాళ్లు కూర్చునేది కింద, నేల మీద. ఆ బండకు కడ్డీ లేదు. బోర్డూ లేదు.