అసత్యము హత్యకు తోబుట్టువు



జగజ్జ్యోతి బసవేశ్వరుడు శరణులకు ఉపదేశించిన సప్తశీలములలో చౌర్యము, హత్య, అసత్యము అను మూడింటిని ముందు వరుసలో నిషేధించెను. మొదటి రెండింటిని లోకమంతయు మహాపాపములుగా నెంచును. దొంగకును హంతకునకును చెరసాల కలదు. మూడవదానిని మాత్రము మనము “మాటయే కదా” యని తేలికగా విడిచిపెట్టుచుందుము. బసవన్న అట్లు విడువలేదు. హత్య ప్రక్కనే అసత్యమును నిలిపెను. ఆ రెండింటికిని గల చుట్టరికమేమో, ఆయన నడయాడిన నేలయే మన కాలమున మనకు చూపినది.

బసవన్న బిజ్జలుని కొలువులో తొలుత లెక్కలు వ్రాసిన స్థలము మంగళవేఢయని చెప్పుదురు. నేడది మహారాష్ట్రమున షోలాపూరు జిల్లాలో నున్నది. ఆ ప్రాంతమున నాథపంథీ డవరీ గోసావులను సంచార భిక్షుకులు కలరు. ఊరూర తిరిగి, బిచ్చమెత్తి జీవించుట వారి పరంపర. 2018 జూలై 1వ తేదీ ఆదివారమునాడు వారిలో ఐదుగురు ధులే జిల్లా రైన్‌పాడా గ్రామమునకు వచ్చిరి. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి సెల్‌ఫోనులద్వారా అప్పటికే ఆ సీమయంతటను వ్యాపించియుండెను. జనము వారిని పట్టి, పంచాయతీ కార్యాలయమున నిర్బంధించి, కొట్టి చంపిరి. జోలె పట్టి గుమ్మము ముందు నిలిచినవానిని జంగమ స్వరూపునిగా చూడుమని బోధించిన మహనీయుని ప్రాంతమువారికి పరాయి ఊరిలో లభించిన భిక్ష యిది!

పండ్రెండు దినములకే, జూలై 13వ తేదీన, రెండవ దారుణము జరిగినది. అది బీదరు జిల్లాలో. అనగా బసవకల్యాణమున్న జిల్లాలోనే. హైదరాబాదునుండి కారులో వెళ్లిన కొందరు యువకులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరి. అంతమాత్రమునకే వారు పిల్లల దొంగలను మాట, వారి చిత్రములతో సహా, వాట్సాప్‌లో వారికంటె ముందుగా పరుగెత్తినది. ముర్కి గ్రామమువద్ద దారికి అడ్డుకట్టి జనము వారిపై బడిరి. ఒక యువకుడు ప్రాణములు విడిచెను. ఆపబోయిన పోలీసులకును గాయములు తగిలినవి.

ఆ దినములలో దేశమున పలుచోట్ల చేతులు మారిన ఒక దృశ్యమున్నది. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరు వీథిలో ఆడుకొను బిడ్డను ఎత్తుకొనిపోవుదురు. చూచినవారి గుండె ఝల్లుమనును. అది మన దేశమున జరిగినది కాదు, నిజముగా జరిగినదియు కాదు. పిల్లలను జాగ్రత్తగా చూచుకొనుడని తల్లిదండ్రులను హెచ్చరించుటకై పాకిస్థానులోని కరాచీలో తీసిన ప్రచారచిత్రమది. దాని చివర ఆ యిద్దరును బిడ్డను తిరిగి తెచ్చి అప్పగింతురు. ఎవడో ఆ చివరి భాగమును కోసివేసెను. సత్యమును సగము కోసిన చాలును, అది పూర్తి అసత్యమగును.

ఆ దృశ్యమును పంపినవారిలో దుర్మార్గులెందరు? బహుకొద్ది మందియే యుందురు. తక్కినవారు బిడ్డలు గల తల్లులు, తమ్ముని క్షేమము గోరు అన్నలు. “ఇరుగుపొరుగువారు జాగ్రత్తపడుదురని పంపితిమి” అని వారందురు. వారి ఉద్దేశ్యము మంచిదే. కాని బావిలోని నీరు మంచిదో చెడ్డదో చూడక బాటసారికి పోసినవాడు, దాహము తీర్పనెంచితినన్నంత మాత్రమున నిర్దోషి కాడు.

మన సంప్రదాయము దీనికొక మార్గము చూపుచున్నది. లింగధారి యగువాడు లింగమునకు అర్పింపని పదార్థమును భుజింపడు. అర్పించుటకుముందు ఆ పదార్థము శుచియైనదా, ధర్మముగా వచ్చినదా యని చూచును. నోటిలోనికి పోవుదానికి ఇంత నియమమున్నప్పుడు, నోటినుండి వెలువడుదానికి నియమము వలదా? ఏ అరచేతిలో ఇష్టలింగమునుంచి పూజింతుమో, నేడు ఆ అరచేతనే సెల్‌ఫోనును పట్టుచున్నాము. కావున ఒక వార్త వచ్చినప్పుడు దానిని లింగము ఎదుట నిలిపి మూడు ప్రశ్నలు వేయుడు. దీనిని కన్నులార చూచినవారెవరు? ఇది ఏ ఊరిలో, ఏ దినమున జరిగినది? ఇది అబద్ధమని తేలినచో ఉత్తరవాదులెవరు? మూడింటికిని సమాధానము దొరకనిది లింగార్పణకు తగనిది. దానిని ఇతరులకు వడ్డింపరాదు.

గణాచారమును గూర్చియు ఒక మాట. శివనిందను సహింపరాదనుట గణాచారము. ఈ సద్భావమునే సాధనముగా చేసికొని, “మీ గురువును నిందించిరి, మీ మఠమును అవమానించిరి” అని వదంతులు పుట్టించువారు కలరు. నింద నిజముగా జరిగినదో లేదో తెలిసికొనక కోపించువాడు గణాచారమును పాటించుటలేదు. పరుల చేతిలో కఱ్ఱయగుచున్నాడు.

ఇక వార్తాపత్రికల ధర్మము. కాయకమే కైలాసమను సిద్ధాంతము నేతగానికెంతయో విలేకరికిని అంతయే. నేతగాడు పోగులు లెక్కించినట్లు విలేకరి సాక్ష్యములు లెక్కింపవలెను. ఇందుకు మన తెలుగునాటనే మంచి ఆదర్శము కలదు. నిజాం రాజ్యమున తెలుగు కవులు లేరను మాట యొకటి ప్రచారమైనప్పుడు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు బదులీయలేదు. ఊరూర విచారించి, కవుల పద్యములను, వివరములను సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ అబద్ధము మరి లేవలేదు. పత్రికాధర్మమనగా ఇదియే.

దీనికి విరుద్ధమైన చరిత్రయు కలదు. 2009 ఎన్నికలలో కొన్ని పత్రికలును, టెలివిజన్ సంస్థలును అభ్యర్థులనుండి ధనము గ్రహించి, వారి ప్రకటనలనే వార్తలుగా వెలువరించినవను ఆరోపణలు వచ్చెను. భారత ప్రెస్ కౌన్సిల్ విచారించి 2010లో నివేదిక నిచ్చినది. అట్టి ధనము దాసోహమునకు పనికిరాదు. కాయకము శుద్ధముకానిచో దాని ఫలమును శుద్ధముకాదు. ప్రచురించుటకుముందు నిర్ధారించుకొనవలెననియు, తప్పు దొర్లినచో సవరణను వెంటనే, కనబడు చోట ప్రచురింపవలెననియు ప్రెస్ కౌన్సిల్ నియమము. మొదటి పుటలో వేసిన నిందకు లోపలి పుట మూలలో సవరణ వేయుట, సంతలో కొట్టి చీకటిలో క్షమాపణ చెప్పుటవంటిది.

పత్రికలు నమ్మకము పోగొట్టుకొన్నచో నష్టము వాటికి మాత్రమే కాదు. “అన్ని పత్రికలును అబద్ధములే వ్రాయును” అనుకొన్నవాడు సత్యమును వెదకుట మాని, తనకు నచ్చినవాడు పంపినదానినే నమ్మును. ఏమియు నమ్మనివాడును, అన్నియు నమ్మువాడును చివరకు ఒకే గోతిలో పడుదురు. కావున సత్యము వ్రాయు పత్రికను ఆదరించుట, తప్పు వ్రాసినప్పుడు సవరణ కోరుచు ఉత్తరము వ్రాయుట, పాఠకుని కాయకము.

మఠాధిపతులకు ఒక విన్నపము. మీ మాటను జనము నమ్మును. ఊరిలో వదంతి లేచిన దినముననే మఠమున నలుగురిని సమావేశపరచి, పోలీసు ఠాణాలో విచారించి, నిజము ప్రకటింపుడు. కొత్తగా ఊరికి వచ్చినవానిపై అనుమానము కలిగినచో, అతనిని మఠమునకు తోడ్కొనివచ్చి, మంచినీళ్లిచ్చి, ఊరు పేరు విచారింపుడని భక్తులకు బోధింపుడు. రైన్‌పాడాలోను, ముర్కిలోను ఆ పని చేయు పెద్ద యొక్కడు సకాలమున నిలిచి, జనము ఆతని మాట వినియున్నచో, ఆరు ప్రాణములు దక్కియుండెడివి.

నాలుకను శుద్ధముగా నుంచుకొనువారికి ఆ సంగమనాథుడు తోడగుగాక!