ఊరికే వచ్చినాము

"ఏటి పని మీద వొచ్చినారు బావూ?" అని ఆమె అడిగింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అంగడి నడిపేవాడే చెప్పాడు: "పనేమీ లేదుమా. ఊరికే చూసి పోదామని వచ్చినాము."

2023 మొదట్లో జరిగిన సంగతి ఇది. నలుగురిలో బడిపంతులుగా పనిచేసే ఒకతను ఆ 'ఊరికే' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఇప్పటికీ దాన్ని దాటి పోలేకపోతున్నాడు.

నలుగురూ ఏర్పేడు హైస్కూల్లో కలిసి చదివినవాళ్లే. ఒకడికి చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒకడికి శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ, ఒకడికి ఊళ్లోనే కిరాణా అంగడి. అన్నీ వదిలేసి ఒక్కసారి ఏదైనా దీవికి పోవాలని పదేళ్లుగా చెప్పుకుంటూ వచ్చారు. రేణిగుంటలో రైలెక్కి చెన్నై పోయి, అక్కడ అండమాన్ ఓడ ఎక్కారు. విమానంలో రెండు గంటల చిల్లరలో పోయే దారికి ఓడలో రెండున్నర రోజులు పట్టింది. బంక్ క్లాసులో ఇనుప నేల రాత్రంతా సన్నగా వణుకుతూనే ఉండేది. భుజాన సంచి, లెక్క చూసుకుని తెచ్చుకున్న డబ్బు. ముందుగా మాట్లాడుకున్న గది కూడా లేదు. రెండో రాత్రి డెక్ మీద నిలబడినప్పుడు పంతులుకు గుండె మీది బరువేదో దిగినట్టయింది. ఎవరూ ఏదీ అడగని చోటుకు పోతున్నామని అనుకున్నాడు.

దిగిన రోజే అడిగారు.

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్న ఊళ్లో, జంగ్లీఘాట్ దగ్గర చేపల బజారు ఉంది. అక్కడ తెలుగు వినబడని నిమిషం ఉండదు. 2011 జనగణన నాటికి అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. వాళ్లలో దాదాపు 50 వేల మందికి తెలుగే తల్లిభాష. సిక్కోలు తీరం నుంచి వలల వెంట పోయినవాళ్ల కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. ఆమె కూడా ఆ వైపు మనిషే. కత్తిపీట మీద చేప కోస్తోంది. మోచేతుల దాకా పొలుసు అంటుకుని ఉంది. తలెత్తకుండానే అడిగింది. ఆ అడగడంలో ఎత్తిపొడుపేమీ లేదు. అంత దూరం వచ్చినవాళ్లకు ఏదో పని ఉండే ఉంటుందన్న మామూలు నమ్మకం ఉంది, అంతే.

ఆ నమ్మకం తప్పు కాదని మరునాటి నుంచీ అతనికి తెలుస్తూ వచ్చింది. ఆ నేల మీదికి పని లేకుండా వచ్చినవాళ్లు ఎంతమంది? 1858 మార్చిలో మొదట 200 మంది ఖైదీలను తెచ్చి దించారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు మనుషులు సంకెళ్లతో వచ్చారు. రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం మనుషులనూ సముద్రం దాటించారు. ఇక హేవ్‌లాక్. 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది గానీ, అంతకు ముందున్న పేరు 1857 తిరుగుబాటును అణచిన సైన్యాధికారిది. అక్కడ నలుగురూ రెండు రోజులు తడిసిన రాధానగర్ తీరం ఒక పల్లె పేరు మోస్తోంది. గోవింద్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్ కూడా పల్లెలే. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లకు అడవి కొట్టి కట్టిన ఊళ్లు. వాళ్లు మూటలతో దిగిన చోటే వీళ్లు బ్యాక్‌ప్యాకులతో దిగారు.

తిరిగితేనే లోకం తెలుస్తుందంటారు. తనను తాను వెతుక్కోవడానికే పోతున్నామనే మాట ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. నువ్వు నీకు దొరకడానికి ఇంకొకడి వాకిలి ఎందుకు? ఏర్పేడు రైల్వే గేటు దగ్గర దొరకని మనిషి రాధానగర్ ఇసుకలో దొరుకుతాడా? లోకం తెలియడమే కావాలంటే, ఆ చేపలమ్మకు సముద్రం గురించి తెలిసినంత వీళ్లు నాలుగు జన్మలెత్తి తిరిగినా తెలుసుకోలేరు. ఆమె ఊరికే ఎక్కడికీ పోలేదు.

అదే దీవుల్లో ఆమె అడిగిన ప్రశ్ననే బాణంతో అడిగేవాళ్లూ ఉన్నారు. ఉత్తర సెంటినెల్ దీవి దగ్గరికి పోవడం నేరం. 1956 నాటి ఆదివాసుల రక్షణ చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. 2018 నవంబరులో అది కాదని పోయిన అమెరికా యువకుడు తిరిగి రాలేదు. జారవా ఆదివాసుల అడవి మధ్యగా పోయే రోడ్డులో బారాటాంగ్ గుహలకు పోదామా అన్న మాట వచ్చినప్పుడు స్నేహితుల మధ్య ఒక రాత్రంతా వాదన నడిచింది. చివరికి పోలేదు. పోనందుకు పంతులుకు ఇప్పటికీ తృప్తిగా ఉంది. మరి హేవ్‌లాక్‌కు పోవచ్చని ఎవరు చెప్పారు? బాణం లేని చోటల్లా రమ్మన్నట్టేనా?

తిరుగు ప్రయాణానికి ముందు రోజు శ్రీసిటీ స్నేహితుడు అడ్డం తిరిగాడు. "మలయాళ స్వామి మాత్రం ఏ పని మీద వచ్చినాడు మన ఊరికి?"

నిజమే. కేరళలో పుట్టి, దేశం మీద నడిచి, తిరుమల కొండ మీద గోగర్భం దగ్గర ఏళ్ల తరబడి తపస్సు చేసిన మనిషి 1926లో ఏర్పేడులో వ్యాసాశ్రమం పెట్టాడు. కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా సంస్కృతం, వేదాంతం చెప్పించాడు. ఇల్లు వదిలిన రోజున ఆయన్ను ఆపి అడిగితే ఏర్పేడు పేరు చెప్పి ఉండేవాడా? ఆయన ఉండిపోయాడు, మనం వెనక్కి పోతున్నాం, అదే తేడా అని పంతులు జవాబిచ్చాడు. ఇచ్చాక ఆ జవాబు అతనికే నచ్చలేదు. ఉండిపోయిన ప్రతివాడూ మంచే చేయలేదు. జైలు కట్టించినవాళ్లూ ఉండిపోయినవాళ్లే.

అప్పుడు అతనికి వాళ్ల అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. శ్రీకాళహస్తి నుంచి చెప్పాపెట్టకుండా వచ్చేది. "ఏం మా, ఏమన్నా పనా?" అని వాళ్లమ్మ కంగారు పడితే, "పనుంటేనే రావాల్నా? ఊరికే వచ్చినా" అనేది. ఆ మాట వింటే ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చేది. పని మీద వచ్చిన చుట్టం పని కాగానే పోతాడు. ఊరికే వచ్చినామె రెండు రోజులుండి, పప్పు రుబ్బి, పిల్లల తల దువ్వి పోయేది. ఇదే మాట ఒక ఇంట్లో ప్రేమ. ఇంకో వాకిట్లో నిలబడి అంటే దానికి అర్థమే లేదు. తప్పు మాటలో లేదు, వాకిట్లో ఉందేమోనని ఆ రాత్రి అనిపించింది. కానీ ఆ వాకిలి ఎవరిదో ఎలా తేలుతుంది?

ఓడ ఎక్కే రోజు పొద్దున నలుగురూ చేపల బజారుకు పోయారు. ఆమె గుర్తుపట్టింది. ఈసారి ఊరి పేరు అడిగింది. ఏర్పేడంటే తెలియలేదు. తిరుపతి పక్కనే అని చెప్పగానే కత్తిపీట మీంచి లేచింది.

కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. వేళ్లు చూసుకుని మళ్లీ కడుక్కుంది. చీరకు తుడుచుకోలేదు, అలాగే గాలికి ఆరబెట్టింది. కొంగుముడి విప్పి ఒక వంద నోటు, ఒక పది నోటు, రూపాయి బిళ్ల తీసింది. పక్కనున్న కుర్రాణ్ణి పంపి పసుపు తెప్పించి, గుడ్డపీలికకు రాసి మూట కట్టింది. "మనవడికి జొరమొచ్చినప్పుడు మొక్కీసినాను బావూ. ఎల్లనేకపోతన్నాను. సామి హుండీలో ఎయ్యండి."

పేరడిగితే నవ్వింది. సామికి తెలుసంది.

తిరిగొచ్చిన వారానికి పంతులు ఒక్కడే అలిపిరి నుంచి మెట్లెక్కాడు. 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చున్న ఒక ముసలాయన, "ఏం మొక్కు నాయనా?" అనడిగాడు. "నాది కాదు తాతా. ఒకామె పంపించింది" అన్నాడు. ఈ జవాబుకు తడుముకోలేదు. ఆ తేలికే అతన్ని మళ్లీ అనుమానంలో పడేసింది. ఆమె పని మోస్తున్నాడు కాబట్టి ఆమె వాకిట్లోకి పోవడం సరైపోయిందా? లేక అడక్కుండా పోయినవాడికి ఆమే ఒక సాకు వెతికి ఇచ్చిందా? పై మెట్టు దాకా రెండూ నిజమేననిపిస్తూ వచ్చింది.

హుండీ ముందు తోపులాటలో మూట జారవిడిచాడు. పక్కకు వచ్చాక చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పసుపు వాసన. నీచు వాసన ఏ మాత్రం లేదు.