చూడడమూ, తెలుసుకోవడమూ

ఉపగ్రహం పంపిన ఎడారి చిత్రంలో ఒక పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఇసుకకంటే రంగు కొంత భిన్నం, అంచు కొంత గుండ్రం. చూచినవాని మనస్సు వెంటనే "ఇది ప్రాచీన నగరం" అంటుంది. అలా అనే అధికారం అతనికి ఎప్పుడు కలుగుతుంది? ఇది సాంకేతిక ప్రశ్నగా తోచవచ్చు గాని, నిజానికి సత్యంపట్ల మన బాధ్యతకు సంబంధించినది.

రాజస్థాన్‌లో ఘగ్గర్ అనీ, సరిహద్దుకు ఆవల హక్రా అనీ పిలువబడే ఎండిన నదీమార్గం ఇందుకు మంచి నిదర్శనం. 1980లో యశ్‌పాల్, ఆయన సహచరులు లాండ్‌శాట్ చిత్రాలలో అక్కడ 6 నుండి 8 కిలోమీటర్ల వెడల్పు గల పురాతన నదీగర్భాన్ని గుర్తించారు. ఒకప్పుడు సట్లెజ్ వచ్చి దానిలో కలిసేదని భావించారు. కాలీబంగన్ వంటి హరప్పా స్థావరాలు ఈ గట్టుననే ఉన్నాయి. కనుక ఆ మహానది నిండుగా పారుతుండగానే ఆ నగరాలు వర్ధిల్లాయని అనుకోవడం సహజం.

కాని చిత్రంలో కాలం ఉండదు. వేల సంవత్సరాల ఎడమున్న నదీ, నగరమూ, నిన్నటి కాలువా ఒకే పలకపై ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. కాన్పూరు ఐ.ఐ.టి., లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఆ గర్భంలో లోతైన రంధ్రాలు త్రవ్వి, ఇసుకరేణువులు చివరిసారి సూర్యరశ్మి సోకిన కాలాన్ని లెక్కకట్టారు. నగరాలు వెలయడానికి ఎంతో ముందే, సుమారు 8000 సంవత్సరాల క్రితం, సట్లెజ్ ఆ దారి విడిచిందని 2017లో ప్రకటించారు. 2019లో మరొక బృందం, సుమారు 4500 సంవత్సరాల క్రితం వరకు అక్కడ ఏడాది పొడవునా నీరు పారిందని వాదించింది. ఇరుపక్షాలూ సాక్ష్యానికి పిలిచినది ఇసుకనే.

చోలిస్తాన్ ఎడారిలో రఫీక్ ముఘల్ 1974-77 మధ్య క్షేత్ర పర్యటనలు జరిపి 400కు పైగా స్థావరాలను నమోదు చేశారు. అదే ప్రాంతపు ఉపగ్రహ చిత్రాలలో యంత్రగణన వందలాది కొత్త దిబ్బలను చూపిందని 2020లో వెల్లడైంది. ఆ యంత్రానికి దిబ్బ అంటే ఏమిటో నేర్పినవి ముందే తెలిసిన దిబ్బలు! కాళ్ళతో నడిచినవారి ఋణం అంత తేలికగా తీరదు.

దస్త్రంలో మొదట "కావచ్చును" అని వ్రాసినది మూడు బల్లలు దాటేసరికి "అయినది"గా మారడం కార్యాలయాలలో పనిచేసేవారికి తెలియనిది కాదు. దేశచరిత్ర విషయంలో ఈ మార్పుకు అభిమానం కూడా తోడవుతుంది. అయితే పూర్తి నిర్ధారణ కోసం ఊరకే వేచి ఉండడమూ నిర్దోషం కాదు. సాగునీరు వచ్చిన చోట ట్రాక్టరు దిబ్బను చదును చేస్తుంది. త్రవ్వకాల అనుమతి వచ్చేసరికి అక్కడ గోధుమ పైరు ఉంటుంది. నగరమని పేరు పెట్టడానికి చాలని అనుమానం, ఆ నేలను కాపాడడానికి చాలునని నా అభిప్రాయం. పత్రికలకు ఆ స్థలం గుర్తులు ఇవ్వనక్కరలేదు. వాటిని దొంగలు కూడా చదువుతారు. గ్రామ పటంలో ఆ సర్వే సంఖ్య ఎదుట "పరిశీలించవలసినది" అని వ్రాసి, దుక్కికి ముందే ఒకరిని అక్కడికి పంపితే ప్రస్తుతానికి చాలు.