లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది?

"ఎల్‌సీ డాట్ ఈఎక్స్‌ఈ మైనస్ 1 కోడ్‌తో ఆగిపోయింది." ఆ ఎర్రర్ సారాంశం ఇంతే. ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఎందుకు అన్నది ఏమీ చెప్పదు. రాత్రి పదకొండున్నర అయింది. మాదాపూర్‌లో మా చిన్న ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. పొద్దున పదింటికి క్లయింటు దగ్గర డెమో.

విజువల్ స్టూడియోలో పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు అన్నీ తామే రాయరు. వరసలూ నిలువులూ ఉన్న పెద్ద పట్టిక కావాలంటే, క్లిక్ చేయగానే క్రమం మారాలంటే, ఎక్సెల్‌లోకి దిగుమతి కావాలంటే, అదంతా ఎవరో రాసి అమ్ముతుంటారు. కొనుక్కొచ్చి మన ప్రోగ్రామ్‌లో అతికించుకుంటాం. అలాంటి కాంపొనెంట్‌ని స్క్రీన్ మీదికి లాగగానే 'లైసెన్సెస్ డాట్ లిక్స్' అని ఒక చిన్న ఫైల్ దానంతటదే పుడుతుంది. ఇందులో ఫలానా వాళ్ళ సరుకు వాడుతున్నారు అని అందులో రాసుకుంటుంది. బిల్డ్ చేసేటప్పుడు ఎల్‌సీ అనే పనిముట్టు ఆ ఫైల్ చదివి, ఈ మెషిన్ మీద ఆ సరుకుకి లైసెన్స్ ఉందా అని వెతుకుతుంది. ఉంటే దాని ముద్ర ప్రోగ్రామ్‌లో వేస్తుంది. లేకపోతే పైన చెప్పినట్టు ఆగిపోతుంది.

ఈ ఏర్పాటులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఇలాంటి కాంపొనెంట్లలో చాలావాటికి లైసెన్స్ డెవలపర్‌కే, వాడుకునేవాళ్ళకి కాదు. వెయ్యిమంది వాడినా అడగరు. కట్టేవాళ్ళు ఎంతమంది, ఒక్కొక్కరికీ ఒకటి కొన్నారా అనే అడుగుతారు. తాపీ మేస్త్రీని అడుగుతారు తప్ప, ఆ ఇంట్లో కాపురం ఉండేవాణ్ణి అడగరన్నమాట.

మా మేస్త్రీలం ఏడుగురం. కొన్న లైసెన్స్ ఒకటే, అది అన్న పేరు మీద ఉండేది. అన్న అంటే మా టీమ్‌లో సీనియర్. అందరం అలాగే పిలిచేవాళ్ళం. కొన్నప్పుడు కంపెనీకి సరైన మెయిల్ కూడా లేదని తన సొంత మెయిల్‌తో రిజిస్టర్ చేశాడట. మిగతా ఆరుగురం ట్రయల్ వెర్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్ళం. గడువు అయిపోతే మెషిన్ కడిగేసి మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళం. ఫైనల్ బిల్డ్ మాత్రం అన్న మెషిన్‌లో జరిగేది. అన్న ఉద్యోగం మారాడు, ఆ మెషిన్‌ని ఫార్మాట్ చేసి నాకిచ్చారు. దాంతోపాటు బిల్డ్ పనీ నా మీద పడింది.

ఆ రాత్రి నెట్‌లో వెతికితే మందు రెండు నిమిషాల్లో దొరికింది. లిక్స్ ఫైల్ తెరిచి, లోపలున్నదంతా చెరిపేసి, ఖాళీ ఫైల్ సేవ్ చెయ్యడమే. ప్రపంచంలో ఎంతమంది చేశారో ఈ పని! చేశాను. బిల్డ్ పచ్చగా వచ్చింది. ఇంటికెళ్ళి పడుకున్నాను.

పొద్దున డెమోలో పట్టిక తెరవగానే దానికంటే ముందు ఒక పెట్టె తెరుచుకుంది. ఇది మూల్యాంకనం కోసం ఇచ్చిన కాపీ, కొనుక్కోండి అని. క్లయింటు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని దాన్ని మొత్తం పైకి చదివాడు. "ఇదేంటి బాబూ, మీదేనన్నారుగా?" అన్నాడు.

బయటికొచ్చాక మేనేజర్ నన్ను తిట్టలేదు. "అన్నకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగు" అన్నాడు. చేశాను. అన్న నవ్వాడు. "ఇంకా మార్చలేదురా, రాసుకో" అని ఒక్కో అక్షరం చెప్పాడు. అలా ఆ కంపెనీలో నేనున్న మూడేళ్ళూ, ఆయన కంటితో చూడని కోడ్ ఆయన పేరు మీదే బిల్డ్ అయింది.

ఇప్పుడు తలుచుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో చూపించడం కష్టం. అన్న చేసింది మంచితనం, ఇబ్బందిలో ఉన్న తమ్ముడికి సాయం. నేను చేసింది ఎర్రర్ సరిచెయ్యడం, మేనేజర్ చేసింది గండం గట్టెక్కించడం. అందరం మంచివాళ్ళమే. అవతల ఆ పట్టిక రాసుకుని బతుకుతున్న వాళ్ళు ఎవరో, పదిమందో ఇరవైమందో, వాళ్ళకి రావాల్సిన ఆరు లైసెన్సుల డబ్బులు మాత్రం ఎవరి తప్పూ లేకుండానే పోయాయి.

పుస్తకాలు చదివేవాళ్ళ దగ్గర ఈ మాటెత్తితే ఒక జవాబు వస్తుంది. పుస్తకం కొని నలుగురికి ఇస్తాం, అది పుణ్యమే కదా అని. నిజమే. నేను అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సుతో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాణ్ణి. ఆ నోట్సు లేకపోతే నాకీ బతుకు లేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో రాసిన గ్నూ మానిఫెస్టోలోనూ ఇదే వాదన ఉంది: నాకు నచ్చిన ప్రోగ్రామ్‌ని పక్కవాడితో పంచుకోవద్దనడమే అన్యాయం అని. చాలాకాలం దాని నీడన దాక్కున్నాను. కానీ స్టాల్‌మన్ ఇంకొకరి పాస్‌వర్డ్ అడగలేదు. పంచుకోగలిగినది తానే రాయడానికి కూర్చున్నాడు. పైగా మేం పక్కింటివాళ్ళం కాదు, వ్యాపారస్తులం. పంచుకునేటప్పుడు ఇరుగుపొరుగు నీతి, క్లయింటుకి బిల్లు వేసేటప్పుడు బజారు నీతి.

మన కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. అక్రమ కాపీ అని తెలిసీ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ మీద వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అంటుంది. నేను ఆగేది 'తెలిసీ' అన్న మాట దగ్గర. ఆ రాత్రి నాకు తెలుసా? ఆ ఎర్రర్ అడిగినది సాంకేతికమైన ప్రశ్న కాదు. నీకు హక్కుందా అని అడిగింది. ఆ ఆఫీసులో ఆ ప్రశ్న అడిగినది అదొక్కటే. దాన్ని నేను 'ఇష్యూ' అన్నాను, 'ఫిక్స్' వెతికాను. తెలియకుండా ఉండటానికి మా వృత్తిలో ఎన్ని మంచి మాటలున్నాయో.

ఇది పాత కథ. ఇంకొకటి ఈమధ్యది, నన్ను ఎక్కువ కుదిపింది.

ఇప్పుడున్న చోట అన్నీ కొనే వాడతాం. లేదంటే ఓపెన్ సోర్స్. 2021 మేలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక, అక్కడి కస్టమర్లు మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిశాయో జాబితా ఇమ్మని అడగడం ఎక్కువైంది, బిస్కట్ ప్యాకెట్ వెనకాల ఉండేలాంటిది. ఆ జాబితా తయారుచేసే పని నాకొచ్చింది. మేం కావాలని తెచ్చుకున్నవి ముప్ఫై చిల్లర. అవి తెచ్చుకున్నవి, అవి మళ్ళీ తెచ్చుకున్నవి కలిపితే ఆరువందలు దాటాయి. ఎక్కువ భాగం ఎంఐటీ లైసెన్స్. అది మూడు చిన్న పేరాలు ఉంటుంది. తీసుకో, మార్చుకో, అమ్ముకో, డబ్బులొద్దు, ఏదైనా పాడైతే నన్నడగొద్దు అంటుంది. బదులుగా కోరేది ఒక్కటే. ఈ కాగితాన్నీ నా పేరున్న లైన్‌నీ కాపీలో ఉంచు.

మా ప్రోడక్ట్‌లో ఎన్ని పేర్లున్నాయని చూశాను. ఒక్కటీ లేదు. ఏళ్ళ తరబడి అమ్ముతున్నాం. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున థర్డ్ పార్టీ లైసెన్సులని ఎవరూ తెరవని పేజీ ఉంటుంది చూడండి, అలాంటిదైనా లేదు. మూడింటికి అసలు లైసెన్సే లేదు. లైసెన్స్ రాయలేదంటే అందరిదీ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి రాయకపోతే అది పూర్తిగా రాసినవాడిదే. ఎవరూ ముట్టుకోకూడదు.

వీటిలో దేనికీ ఎప్పుడూ బిల్డ్ ఆగలేదు. డబ్బడిగినవాడు కాపలా పెట్టుకున్నాడు, వాడి దగ్గర దొరికిపోయాం కాబట్టి ఇవాళ కొనుక్కుంటున్నాం. పేరు మాత్రం అడిగి మన మీద వదిలేసినవాణ్ణి ఆరువందలసార్లు మర్చిపోయాం. 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ అనే లైబ్రరీలు రాసినాయన తన కోడ్‌ని తానే చెడగొట్టాడు. కలర్స్ మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు అర్థంకాని అక్షరాలు ఆపకుండా కక్కాయి. పెద్ద కంపెనీలకి ఊరికే పనిచెయ్యనని ఆయన అంతకుముందే బాహాటంగా చెప్పాడు. ఆ వారం అందరం ఆయన్ని తిట్టాం, నేనూ తిట్టాను. తిడుతూనే పాత వెర్షన్‌కి మార్చుకున్నాం. 'ఫిక్స్' దొరికింది.

జాబితా సంగతి మా వాళ్ళతో చెప్తే, "ఎవరైనా కంప్లైంట్ చేశారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి?" అన్నారు. ఆ 'మరి'కి నా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు. ఎవరూ నష్టపోలేదు, ఎవరూ అడగలేదు. అడగనివాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వల్ల కంపెనీకి ఏమొస్తుందో స్లైడ్ మీద చూపించలేను. పేర్ల పేజీ ఒకటి తయారుచేసి, తర్వాతి రిలీజ్‌లో ఎవర్నీ అడక్కుండా పెట్టేశాను. లైసెన్స్ లేని మూడింటిలో రెండు తీసేశాను. మూడోదాన్ని రాసినవాళ్ళకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. అది తీస్తే నెల రోజుల పని. అలాగే ఉంది.

ఆ మధ్యే అన్నకి ఫోన్ చేశాను, వేరే పని మీద. మాటల్లో ఆ పాస్‌వర్డ్ సంగతి వచ్చింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"రెన్యువల్ చేసుకోమని ఏటా మెయిల్ వస్తుందిరా, నా పేరు పెట్టి" అన్నాడు అన్న. "ఆపమని ఒక క్లిక్ కొడితే సరిపోతుంది. ఏమో, కొట్టబుద్ధి కాదు."