కాగితం మీద పెట్టిన బాధ

మనసులో వున్న బాధను కాగితం మీద పెడితే తగ్గుతుందా? తగ్గేటట్టయితే, అలా తగ్గించుకోవటం మంచిదేనా? మొదటిది మనస్తత్వశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న. రెండవది నీతికి సంబంధించినది. అభ్యుదయవాదులమైన మనం మొదటిదాన్ని డాక్టర్లకు వదిలిపెట్టి, రెండవదానికి తడుముకోకుండా జవాబు చెప్పేస్తూ వుంటాం. బాధకు కారణం సంఘంలో వున్నప్పుడు మందు కాగితంలో ఎలా వుంటుంది, కాగితంతో వూరట పొందేవాడు పోరాటం నుంచి తప్పుకుంటున్నట్టే గదా, అంటాం. ఈ జవాబులో సగం నిజం వుంది. మిగిలిన సగం ఏమిటో విచారించటం అవసరం.

కాగితంతో మనసును కుదుటపరచుకునే పద్ధతి మన కోనసీమకు కొత్తది కాదు. రామకోటి వుంది. గళ్లు అచ్చువేసిన పుస్తకం ఒకటి కొని తెచ్చుకుని, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వీధరుగు మీదనో మండువాలోనో కూర్చుని, ఒక్కొక్క గడే నింపుతూ వుంటారు మన ఇళ్లల్లో పెద్ద ఆడవాళ్లు. లెక్క వేసి చూడండి. రోజుకు వెయ్యిసార్లు రాస్తే కోటి పూర్తికావటానికి పదివేల రోజులు, అంటే 27 సంవత్సరాల పైమాట. పూర్తయిన పుస్తకాలు భద్రాచలం చేర్చేవాళ్లుంటారు. పూర్తి కాకుండానే కన్నుమూసేవాళ్లూ వుంటారు.

దీన్ని మూఢనమ్మకమని తోసిపారెయ్యటం తేలిక. కాని ఆ గంటసేపు ఆ యిల్లాలిని పని చెప్పి లేపేవాళ్లుండరనే సంగతి గమనించాలి. తెల్లవారింది మొదలు ఇతరుల అవసరాల కోసం తిరిగే మనిషికి, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న ఏకాంతం అదొక్కటే. “చదువుకుంటున్నాను” అంటే నవ్వే ఇల్లు, “రామకోటి రాసుకుంటున్నాను” అంటే గొంతు తగ్గిస్తుంది. మార్క్సు 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చిన సంగతి మనందరికీ జ్ఞాపకమే. అదే సందర్భంలో ఆయన మతంలో నిజమైన బాధ వ్యక్తమవుతున్నదనీ, ఆ బాధ మీద నిరసన కూడా వున్నదనీ అన్న సంగతి మాత్రం సులువుగా మరిచిపోతాం. వూరట వెతుక్కునే మనిషిని వెక్కిరించేవాడు ఆ మనిషి బాధను కూడా వెక్కిరిస్తున్నాడు.

అయితే రామకోటికి ఒక హద్దు వుంది. అందులో రాసేది ఒకే మాట. అది రాసే మనిషి సొంతమాట కాదు. చెయ్యి ఒక వరుసలో కదులుతుంది, ఊపిరి నిదానిస్తుంది, మనసు నెమ్మదిస్తుంది. కాని తనను బాధపెట్టినదేమిటో చెప్పుకోవటానికి ఆ కోటి గళ్లలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ఈనాడు రామకోటికి కొత్త వారసులు పుట్టుకొచ్చారు. ఆఫీసుల్లోనూ, హాస్టళ్లు నడిపే ప్రైవేటు కాలేజీల్లోనూ, “రోజూ మీకు జరిగిన మూడు మంచి విషయాలు డైరీలో రాసుకోండి, ఈ బొమ్మల్లో రంగులు నింపండి, మనసు తేలికపడుతుంది” అని చెబుతున్నారు. తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా పిల్లవాణ్ని బెంచీకి కట్టిపడేసి, వారం వారం ర్యాంకు గోడకంటించి, ఆపైన వాడి చేతికి రంగు పెన్సిళ్లిచ్చి శాంతించమనటంలో న్యాయమేముంది? రంగు పెన్సిళ్ల తప్పేమీ లేదు. టైంటేబుల్ జోలికి పోకుండా పిల్లవాడి మనసును మాత్రమే దిద్దాలనుకోవటం తప్పు. మంచి విషయాలే రాయాలని షరతు పెట్టిన డైరీ, ఒకే మాట రాయమన్న రామకోటికంటె ఏ విధంగా ముందంజ?

శాస్త్రం చెప్పేది కూడా వినాలి. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనేవాళ్లు కాలేజీ విద్యార్థులను కొందరిని పిలిచి, వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమ జీవితంలో తగిలిన పెద్ద దెబ్బను గురించి రాయమన్నారు. జరిగిన సంగతినీ, దానివల్ల కలిగిన దుఃఖాన్నీ కలిపి రాసినవాళ్లు ఆ పూటకు మరింత దిగులుపడ్డారు. కాని తరువాతి ఆరునెలల్లో వాళ్లు జబ్బుచేసి డాక్టరు దగ్గరకు వెళ్లటం తగ్గింది. అటు తరువాత ఇటువంటి పరిశోధనలు ఎన్నో జరిగాయి. 2006లో అలాంటివి 146 కలిపి పరిశీలిస్తే, మేలు వున్నమాట నిజమేగాని అది స్వల్పమని తేలింది. ఇందులో మనం గుర్తించవలసినవి రెండున్నాయి. ఒకటి, మేలుచేసిన రాతలో ముందు నొప్పి వుంది. రెండు, ఆ మేలును గోరంతలు కొండంతలు చేసి అమ్ముకోవటానికి వీల్లేదు. జబ్బు ముదిరినవాడికి నోటుపుస్తకం డాక్టరుకు బదులు కాజాలదు. వైద్యం పొందటం పౌరుడి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెబుతున్నది.

నొప్పిని దాచే రాత ఎలా వుంటుందో కోనసీమ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మన లంకల నుంచీ, పేటల నుంచీ కువైట్‌కూ మస్కట్‌కూ దుబాయికీ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల కథ అందరికీ తెలిసిందే. ఆ పనికి వెళ్లటానికి 30 ఏళ్లు నిండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంచేత వెళ్లేవాళ్లలో పిల్లల తల్లులు తక్కువేమీ కాదు. టెలిఫోను చేతికి రాని రోజుల్లో వాళ్లకూ ఇంటికీ మధ్య ఉత్తరమే దారి. ఆ ఉత్తరం ఎలా మొదలవుతుంది? ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను, అని. పాస్‌పోర్టు యజమాని బీరువాలో వున్నా క్షేమమే, జీతం మూడునెలలు ఆగినా క్షేమమే. నిజం రాస్తే ఇంటి దగ్గర ముసలితల్లి అన్నం మానేస్తుంది, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటాడు. ఇటునుంచి వెళ్లే జవాబులో పిల్లవాడి జ్వరం వుండదు. రెండువైపులా ప్రేమ వున్నది, రెండువైపులా అబద్ధం వున్నది. ఆ అబద్ధాన్ని తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు. కాని వేలాది ఉత్తరాలు ఒకే మాటతో మొదలైనప్పుడు, ఆ మాట చాటున వేలమంది పడే ఒకేరకం కష్టం ఒకరి కష్టం మరొకరికి తెలియకుండా పడివుండిపోతుంది. ఎవరికి వారు అది తమ నుదుటిరాత అనుకుంటారు.

బాధ సొంతమాటల్లో కాగితం మీదికి వచ్చి నలుగురి మధ్య చదవబడితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే వేరొక మూల జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా వుద్యమం సాగింది. సారా వల్ల కుప్పకూలిన సంసారం గురించి సీతమ్మ కథ అనే పాఠం ఒకటి కూలి ఆడవాళ్లు రాత్రిబడిలో చదివారు. దూబగుంటలో అది చదివిన స్త్రీలకు అందులో కనబడింది తమ ఇల్లే. ఒకరి ఇల్లు కాదు, అందరి ఇల్లూ. తమ వూరి సారాకొట్టు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అంతకుముందు రోజు దాకా ప్రతి స్త్రీకీ అది తన మొగుడి తాగుడు. చదివిన తరువాత అది ప్రభుత్వం వేలం పాడించే సారా అయింది.

అయితే ప్రతి దుఃఖమూ వుద్యమం కావాలా అని ఎవరైనా అడగవచ్చు. అక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. పడిన చెట్ల లెక్క నష్టపరిహారం అర్జీలో రాయవచ్చు. పోయిన బిడ్డ గురించి ఏ అర్జీలో రాస్తాం? ఆ దుఃఖాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకుని ట్రంకుపెట్టె అడుగున పెట్టుకునే హక్కు తల్లికి వుంది. దాన్ని చదివి వినిపించమని సంఘం గాని, పార్టీ గాని, కాలేజీ గాని అడగరాదు. కాని తాళం వేసుకునే పెట్టె ఒకటి తనదంటూ వున్న ఆడమనిషి మన పేటల్లో ఎందరింట్లో వుంది? అక్షరం, కాగితం, ఒక గంట తీరిక, రాసినది మరొకరు విప్పకుండా వుండే భద్రత — ఈ నాలుగూ వున్నవాళ్లకే కాగితం వూరటనిస్తుంది. ఈ నాలుగూ మనుషులందరికీ సమానంగా పంచబడిలేవు. వాటిని పంచమనటం మన పోరాటంలో భాగమే.

అంచేత ఉపాధ్యాయులమైన మనం విద్యార్థి చేతికి కాగితం ఇవ్వటానికి సంకోచించనక్కరలేదు. మంచే రాయమని షరతు పెట్టకుండా ఇవ్వాలి. దాచుకుంటానంటే దాచుకోనివ్వాలి. చూపిస్తే, వాడి మనసులో లోపం వెతకటానికి ముందు అందులో మన కాలేజీ గురించి ఏమి రాసివుందో చదవాలి. ఒకే ఫిర్యాదు పది కాగితాల్లో కనబడితే దాన్ని పదిమంది జబ్బుగా లెక్కకట్టకుండా, మార్చవలసినదేదో మార్చటానికి పూనుకోవాలి. రాసినవాడికి బరువు తగ్గుతుంది. ఆ బరువు చదివినవాడి భుజం మీదికి వస్తుంది. దాన్ని మొయ్యటానికి సిద్ధపడనివాడు కాగితాలు పంచిపెట్టకపోవటమే మర్యాద.