అన్నయ్య అనే మాట

మొన్న జూన్‌లో మా అమ్మాయిని హాస్టల్లో చేర్పించి వస్తూ, గేటు దగ్గర నిలబడి చెప్పాల్సినవన్నీ మళ్ళీ ఒకసారి చెప్పాను. రాత్రిపూట ఒక్కదానివే ఆటో ఎక్కొద్దు. ఎక్కక తప్పకపోతే బండి నంబరు ఫొటో తీసి నాకు పంపు. ఎక్కగానే డ్రైవర్ని "అన్నా" అని పిలువు.

"అలా పిలిస్తే?" అంది.

సమాధానం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అతను మంచివాడైతే ఆ పిలుపు అక్కర్లేదు. కాకపోతే ఆ పిలుపు ఆపుతుందా? "ఊరికే, అలా పిలిస్తే మంచిది" అన్నాను. "సరేలే నాన్నా, అన్నా అనే పిలుస్తాను, నీ బస్సుకి టైమవుతోంది" అని నన్ను పంపించేసింది. ఎవరు ఎవర్ని దింపడానికి వచ్చారో నాకే అర్థం కాలేదు.

ఆ సలహా ఇంకే తండ్రయినా ఇవ్వొచ్చు. నేను ఇవ్వకూడదు. ఆ మాట ఎక్కడ పుటుక్కున తెగుతుందో ముప్పై ఏళ్ళ కిందటే కళ్ళారా చూసినవాణ్ణి.

1993. కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. నేను రెండో సంవత్సరం. మా క్లాసులో అరవైమందికి పదకొండుమంది అమ్మాయిలు. జూనియర్లలో ఇంకా తక్కువ. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లో గాని రాలేదు. అప్పటికి దాన్ని ఎవరూ నేరం అనేవాళ్ళు కాదు, పరిచయాలు అనేవాళ్ళు. ఆ పరిచయాలకు రూల్సు ఉండేవి. సీనియర్ ఎదురైతే తల దించి చొక్కా మూడో గుండీకేసి చూడాలి. "సార్" అనాలి. అమ్మాయిలకు అదనంగా ఇంకొకటి: ఎవర్నీ "అన్నయ్యా" అనకూడదు. అంటే ఫైన్.

ఆ రూలు మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. అన్నయ్య అందంటే ఆ అమ్మాయి తలుపు వేసేసుకున్నట్టు. అననంతసేపూ తలుపు తీసే ఉన్నట్టు. మాకు తెలిసిన లెక్కలు ఈ రెండే. ఒక అమ్మాయి మాకు చెల్లెలూ కాకుండా, ఇంకేమీ కాకుండా, తన మానాన తాను ఫస్టియర్ ఎలక్ట్రికల్ చదువుకుంటూ ఉండొచ్చని మా బుర్రలకు తట్టలేదు.

దసరా సెలవులు అయిపోయిన వారం. సాయంత్రం నాలుగున్నర దాటింది. వర్క్‌షాపు వెనక సైకిల్ స్టాండ్. ఆ అమ్మాయి సైకిల్లో ఎవరో గాలి తీసేశారు. ఎవరో ఏమిటి, మావాళ్ళే. ఆరుగురు చుట్టూ చేరారు. నేను ఏడోవాణ్ణి, నా సైకిల్ కోసం వచ్చినవాణ్ణి. ఆరుగురు వేరు, నేను వేరు అన్న ఈ లెక్క నాకు చాలా ఏళ్ళు ఆసరాగా ఉండేది. పాట పాడమన్నారు, పాడింది. డ్రాయింగ్ మాస్టారిలా నడిచి చూపించమన్నారు, నడిచింది. అప్పటిదాకా నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. తర్వాత ఒకడు చున్నీ లాగాడు. వాడు మా క్లాసువాడే, పరీక్షల ముందు నాకు నోట్సు ఇచ్చేవాడు. చున్నీ దగ్గర ఆగలేదు. ఇంతకంటే రాయను.

అప్పుడు ఆమె తల ఎత్తింది. మూడో గుండీని దాటి మొహాల్లోకి చూసింది. ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చి, నా దగ్గర ఆగి, "అన్నయ్యా, మీరైనా చెప్పండి" అంది.

"అన్నయ్య అంటోందిరోయ్! ఫైన్! ఫైన్!" అని ఎవడో అరిచాడు. గొల్లున నవ్వారు. నేను వంగి సైకిల్ తాళం తీయడం మొదలుపెట్టాను. ఆ తాళం ఎప్పుడూ కొంచెం బిగుసుకుపోయేది. ఆ రోజు అది మరీ బిగుసుకోవాలని నేను కోరుకున్నాను. వాచ్‌మన్ కనిపించేదాకా వంగే ఉన్నాను.

మూడో రోజు ఆ అమ్మాయి నాన్న వచ్చాడు. అక్కడ ఉన్నవాళ్ళందర్నీ ప్రిన్సిపల్ గదికి పిలిచారు, నాతో సహా. ఆ ప్రిన్సిపల్ చెడ్డవాడు కాడు. ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి కట్టేవాడు. ఆయన అన్నది ఇదీ: విషయం పోలీసులదాకా వెళితే అబ్బాయిల భవిష్యత్తు పోతుంది, అమ్మాయి పేరు పోతుంది. ఒకరికి పోయేది భవిష్యత్తు, ఇంకొకరికి పోయేది పేరు. ఈ పంపకం ఎవరు చేశారో, అమ్మాయికి భవిష్యత్తు ఎందుకు రాయలేదో ఆ గదిలో ఎవరూ అడగలేదు. "మీ ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళు లేరట్రా?" అని మా మీద కేకలేశారు. అందరం తలలు దించుకున్నాం. అందరికీ ఉన్నారు. చున్నీ లాగినవాడికి ఇద్దరు.

తర్వాత అటెండర్ని పిలిచి రాఖీ తెమ్మన్నారు. అక్టోబరు నెలాఖరులో రాఖీ ఎక్కడ దొరుకుతుంది? అదీకాక మా వైపు ఇళ్ళల్లో శ్రావణ పౌర్ణమంటే అప్పటికి జంధ్యాల పౌర్ణమే. రాఖీ సినిమాల్లో చూసిందే ఎక్కువ. అటెండరు వర్క్‌షాపులోకి వెళ్ళి, ఆయుధపూజలో లేత్ మిషన్లకు కట్టగా మిగిలిన పసుపు దారం పట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని వాడి మణికట్టుకి కట్టింది. వాడు వంగి ఆమె నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. టీలు వచ్చాయి. ఫైలేదీ తెరవలేదు కాబట్టి మూసే పని కూడా లేకుండా అయిపోయింది.

అసలు కథ ఆ మర్నాటి నుంచే. వాడు ఆ దారం తీయలేదు. నెలల తరబడి చేతికి అలాగే ఉంచుకున్నాడు, కప్పు గెలిచినవాడిలా. ఆమె నడుస్తుంటే హాస్టలు కిటికీల్లోంచి "చెల్లెమ్మా!" అని అరుపు. క్యాంటీన్లో "చెల్లెమ్మా". ల్యాబ్ మెట్ల మీద "చెల్లెమ్మా". పసుపు దారం కాబట్టి, రాఖీ కట్టిందా తాళి కట్టిందా అని ఇంకో హాస్యం. ఇక ఎవరికి చెప్పుకుంటుంది? ఏమని? చెల్లెలా అని పిలుస్తున్నారని ఫిర్యాదు రాస్తే అందులో నేరం ఏముంది?

చదువు మానలేదు ఆవిడ. నాలుగేళ్ళూ పూర్తి చేసింది. సైకిల్ మానేసి బస్సులో వచ్చేది.

2012 డిసెంబరులో ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత, దేశమంతా రోడ్ల మీద ఉన్న రోజుల్లో, ఆధ్యాత్మిక గురువు ఆశారాం బాపు ఒక మాటన్నాడు. ఆ అమ్మాయి ఆ దుండగుల్లో ఒకడి చేయి పట్టుకుని అన్నయ్యా అని ఉంటే సరిపోయేదట. టీవీలో అది విని ఊళ్ళో అందరూ బూతులు తిట్టారు. నేను తిట్టలేకపోయాను. నా కళ్ళ ముందు సైకిల్ స్టాండ్ కదిలింది. అన్నది స్వామీ, ఒకమ్మాయి అంది, నేను విన్నాను అని చెప్పాలనిపించింది. మైనర్ బాలికపై అత్యాచారం కేసులో ఆ బాపుకే 2018లో జోధ్‌పూర్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

సరే, ఆయన సంగతి అది. న్యాయమూర్తుల సంగతి? 2020 జులైలో మధ్యప్రదేశ్ హైకోర్టు, పొరుగింటి మహిళ ఇంట్లోకి చొరబడి వేధించాడన్న నిందితుడికి బెయిల్ ఇస్తూ షరతు పెట్టింది. రాఖీ పండగనాడు మిఠాయి డబ్బాతో ఆమె ఇంటికి వెళ్ళి రాఖీ కట్టమని అడగాలి, ఎల్లకాలం రక్షిస్తానని మాటివ్వాలి, అన్నలు ఆనవాయితీగా ఇచ్చేట్టు పదకొండు వేలు చేతిలో పెట్టాలి. తొమ్మిదిమంది మహిళా న్యాయవాదులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2021 మార్చి 18న సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. వేధించాడన్న మనిషిని కోర్టు ఉత్తర్వుతో అన్నను చేస్తారా అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ వార్తను నేను రెండుసార్లు చదివాను. మా ప్రిన్సిపల్ పదకొండు వేలు కూడా ఇప్పించలేదు, పోనీ.

అసలు ఈ అన్న ఎవరు? అన్నగారుగా పేరుపడ్డ ఎన్టీఆర్, ఆడపడుచులంటూ 1980లలో కూతుళ్ళకు ఆస్తిలో వాటా చట్టం చేశాడు. ఆ చట్టాన్ని ఇంటింటా నీరుగార్చింది మళ్ళీ అన్నలే. పెళ్ళికి బాగానే పెట్టాంగా అంటూ చీరా సారె పెట్టి సంతకం తీసుకున్నవాళ్ళు ఎంతమంది లేరు! మన సినిమాలో హీరో చెల్లెలి మీద చెయ్యి పడితే రెండో సగమంతా నెత్తురు. మొదటి సగంలో అదే హీరో కాలేజీ గేటు దగ్గర హీరోయిన్‌కి అడ్డం పడి పాట పాడతాడు. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక అమ్మాయి కళ్ళెదుటే ఆమె భర్తను చంపింది సొంత అన్న. ఆడపిల్లను కాపలా కాసేవాడికీ దారి కాసేవాడికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదేమోనని నా అనుమానం. ఇద్దరి దృష్టిలోనూ ఆమె ఎవరో ఒకరి సొత్తే. ఎవరి సొత్తు అన్నదొక్కటే తగువు.

ఇంతవరకూ రాసి పెన్ను పక్కన పెట్టి, కూరగాయలకు వెళ్ళాను. తోటకూర అమ్మే ఆవిడ "ఏం తమ్ముడూ, రెండ్రోజులుగా కనబళ్ళేదు" అంది. నా వాదన అక్కడే కుప్పకూలింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళను అక్కా, బాబాయ్, పిన్నీ అని పిలుచుకోవడం మన భాషలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మా ఆవిడ గ్యాస్ బండ తెచ్చే కుర్రాణ్ణి తమ్ముడూ అని పిలిచి మజ్జిగ ఇస్తుంది. ఆ పిలుపులో భయం లేదు. రాత్రి పదింటికి ఆటోలో కూచున్న ఆడపిల్ల "అన్నా, కొంచెం త్వరగా పోనివ్వవా" అన్నప్పుడు ఆ ఆటో నిజంగానే తిన్నగా ఇంటికి వెళ్ళిన రాత్రులు లక్షలు ఉంటాయి. ఆ మాట పని చేయదని నేనెలా అంటాను? చేస్తుంది. అవసరం లేనిచోట బాగా పని చేస్తుంది, అవసరమైనచోట చేయదు అంటే? అదీ పూర్తిగా నిజం కాదు. ఇక్కడ నాకు దారి దొరకలేదు. మా అమ్మాయికి ఫోన్ చేసి అన్నా అని పిలవకు అని చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

2022లో, కరోనా వల్ల ఏడాది ఆలస్యమై, మా బ్యాచ్ సిల్వర్ జూబ్లీ జూనియర్ల జూబ్లీతో కలిపి చేశారు. ఆవిడ వచ్చింది. జుట్టు నెరిసింది, రంగు వేయలేదు. ముప్పై ఏళ్ళు నాలో నేను తిరగరాసుకున్న క్షమాపణ పట్టుకుని, భోజనాల దగ్గర పక్కకు పిలిచి చెప్పాను. మీరు నన్ను అన్నయ్యా అన్నారు, నేను తాళం తీస్తూ ఉండిపోయాను అని.

ఆవిడ నా మొహంలోకి గుర్తుపట్టడానికి చూసింది. "మీరు అక్కడున్నారా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్ళీ అంది: "ఎవరెవరున్నారో గుర్తు లేదండీ. ప్రిన్సిపల్ గారి గది గుర్తుంది. చేతులు వణికి ముడి పడలేదు నాకు. ఆయన లేచి వచ్చి ముడి మీద వేలు పెట్టారు. పార్సిల్ కట్టేటప్పుడు పెడతారు చూడండి, అలా." కాసేపాగి, "సైకిల్ స్టాండ్ సంగతి మర్చిపోదును. నాలుగేళ్ళూ రోజూ పిలిచి గుర్తుచేశారు" అంది. తర్వాత కాఫీ ఎక్కడిస్తున్నారని అడిగి అటు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి హోటల్ గదిలో సిగ్గుపడ్డాను, కొత్త రకంగా. ఆరుగురిలోంచి వేరుచేసి ఆమె నన్ను ఎంచుకుందనీ, నాలో ఏదో మంచి కనిపించే నా దగ్గర ఆగిందనీ ఇన్నేళ్ళు నమ్మాను. నా పశ్చాత్తాపంలో కూడా నేనే హీరోని. అన్న పాత్రకు పనికిరాకుండా పోయిన హీరోని. ఆవిడ వెతికింది అన్న కోసం అయ్యుండదు. నోరున్న మొహం ఎవరిదైనా ఒకటి ఉందేమోనని చూసి ఉంటుంది. అన్నయ్య కావడానికి ధైర్యం కావాలి, కండలు కావాలి, అవి లేవని సరిపెట్టుకోవచ్చు. మూడో రోజు ప్రిన్సిపల్ గదిలో ఏమీ అక్కర్లేదు. ఏం చూశానో అది చెబితే చాలు. ఆ గదిలో నేనొక సాక్షిని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. టీ మాత్రం తాగాను.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యుణ్ణి. లైంగిక వేధింపులపై 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు బల్ల మీద ఉంటాయి. అధ్యక్షత మహిళా అధ్యాపకురాలిదే. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు చేసిన అమ్మాయి తానుగా కోరితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, ఆ రాజీ డబ్బుతో కుదర్చకూడదు. పోయిన నెల ఒక ఫిర్యాదు వచ్చింది. వివరాలు బయటపెట్టకూడదు, పెట్టను. కబురెలా తెలిసిందో, అబ్బాయి తరఫు పెద్దమనిషి ఒకాయన పళ్ళ బుట్టతో మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడికి భవిష్యత్తు ఉందన్నాడు. "ఇకమీదట చెల్లెల్లా చూసుకుంటాడు సార్, మీరు రాఖీ కట్టించెయ్యండి" అన్నాడు. పళ్ళు వెనక్కి పంపించి, ఆయన వచ్చిన సంగతి, అన్న మాటలు తేదీతో సహా కాగితం మీద పెట్టి మా అధ్యక్షురాలికి ఇచ్చాను.

మా ఫిర్యాదు ఫారంలో ఒక గడి ఉంటుంది: ప్రతివాదితో మీకున్న సంబంధం. సహాధ్యాయి, సీనియర్, అధ్యాపకుడు, ఇలా ఏదో ఒకటి రాయాలి. ఆ అమ్మాయి అక్కడ గుండ్రటి అక్షరాలతో "ఏమీ లేదు" అని రాసింది. విచారణ మంగళవారం పదకొండింటికి.