ఒకదాని స్థలములో మరియొకటి

పెంచుకొనిన కుందేలు ఒక ఉదయమున గూటిలో కదలక పడియుండుటను ఇంటిలోని పిల్లవాడే ముందుగా చూచును. పెరటిలో జామచెట్టు క్రింద చిన్న గొయ్యి త్రవ్వి, పాతగుడ్డలో చుట్టి, మన్ను కప్పుదురు. ఆ సాయంకాలము తాతగారో మేనమామయో, ఓదార్చవలెననియే, “ఊరుకో నాయనా, సంతలో బోలెడు దొరుకుతాయి, ఆదివారం ఇంకొకటి తెచ్చుకుందాం” అందురు. పిల్లవాడు మరింత ఏడ్చి, “నాకు ఇంకొకటి వద్దు, అదే కావాలి” అనును.

ఈ రెండు మాటల మధ్య ఉన్న ప్రశ్న పిల్లల ప్రశ్న అని తోసివేయదగినది కాదు. ప్రాణమున్న ఒకదాని స్థలమును మరియొకటి తీసికొనగలదా? తీసికొనలేనప్పుడు, క్రొత్తదానిని ఇంటికి తెచ్చుట పోయినదానికి ద్రోహము కాదా?

పెద్దవారి మాటకు ధర్మశాస్త్రములోనే ఒక పోలిక దొరకును. గొఱ్ఱెను దొంగిలించి చంపినవాడు నాలుగు గొఱ్ఱెలనియ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయము విధించుచున్నది. న్యాయాధిపతికి అటువంటి లెక్క అవసరమే. లెక్క లేనిచోట బీదవానికి ఏమియు దక్కదు. నాతాను చెప్పిన కథను విని మండిపడిన దావీదు కూడ ఆ నాలుగింతల లెక్కనే పలికెను. అయితే ఆ కథ బలమంతయు లెక్కకు లొంగని చోటనే ఉన్నది. ఆ బీదవాని గొఱ్ఱెపిల్ల వాని పిల్లలతో కలిసి పెరిగినది, వాని ముద్దలో పాలు పంచుకొన్నది, వానికి కుమార్తె వంటిది. ధనవంతుడు నాలుగు గొఱ్ఱెలను తెచ్చి ఆ గుడిసె ముందు కట్టివేసెననుకొందురు గాక. బీదవానికి మంద యొకటి ఏర్పడును, అంతే. వాని ఒడి ఖాళీగానే ఉండును. దావీదు నాలుగింతల మాటతో ఆగక, ఆ మనుష్యుడు మరణపాత్రుడని కూడ అనుటకు కారణము అదియే కావచ్చును.

యోబు గ్రంథము చివర ఈ రెండు లెక్కలును ప్రక్కప్రక్కన కనబడును. పోయిన గొఱ్ఱెలు 7,000. తిరిగి వచ్చినవి 14,000. ఒంటెలు 3,000 ఉండగా 6,000 అయినవి. కుమారులు మాత్రము మరల ఏడుగురే, కుమార్తెలు మరల ముగ్గురే. పోయిన పిల్లలు పోయినట్లు కాదు గనుకనే వారి సంఖ్య రెట్టింపు కాలేదని అనేకులు వివరించిరి. ఇంటిలో పెరిగిన కుందేలు, గినీపిగ్గు, పంజరములోని చిన్న పక్షి ఈ రెండు లెక్కలకు మధ్య నిలిచియున్నవి. సంతలో వాటిది మొదటి లెక్క. ఇంటిలో ఒక యేడు గడిచిన తరువాత ఆ లెక్క పనికిరాదు.

ఎందుకు పనికిరాదో విలియం కౌపర్ జీవితములో స్పష్టముగా కనబడును. జాన్ న్యూటన్‌తో కలిసి 1779లో ఓల్నీ కీర్తనల సంపుటమును వెలువరించిన ఇంగ్లాండు కవి ఇతడే. 1773లో అతని మనస్సు ఘోరమైన కృంగుబాటుకు లోనాయెను. ఆ మరుసటి యేడు, పొరుగింటి పిల్లలు విసిగి విడిచిన అడవి కుందేలు పిల్లయొకటి అతని చేతికి వచ్చెను. అతడు దానితో ఊరట పొందుట చూచి ఊరివారు తలకొకటి తేజూపిరి. అతడు మూడింటిని మాత్రమే ఉంచుకొనెను. పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టెను. మూడును మగవియే! వాటి గూళ్లను తానే చేసెను.

1784లో ఒక పత్రికకు అతడు ఆ కుందేళ్లనుగూర్చి వ్రాసెను. ఒక్కొక్కదాని గుణము వేరనియు, ముఖము చూచినంతనే ఏది ఏదో తెలియుననియు అందులో చెప్పెను. మంద ఎంత పెద్దదైనను కాపరి ప్రతి గొఱ్ఱెను ముఖముచేత గుర్తించుననెడి మాటను అక్కడ జ్ఞాపకము చేసెను. పస్ జబ్బుపడి మూడు దినములు సేవ పొంది, కోలుకొనిన పిమ్మట అతని చేతిని నాకెను. టైనీకి ఎంత సేవ చేసినను గుర్రుమనుట, ముందుకాళ్లతో కొట్టుట, కరచుటయే. బెస్ చిన్నవయస్సుననే పోయెను. టైనీ తొమ్మిదేండ్లు బ్రదికెను. లోబడని ఆ టైనీ చనిపోయినప్పుడు కూడ కౌపర్ సమాధి పద్యము వ్రాసెను. పస్ పన్నెండేండ్లకు కొద్దిగా తక్కువగా జీవించి 1786లో వృద్ధాప్యముచేత పోగా, అతడు దాని మరణదినమును, వయస్సును ఒక కాగితముపై వ్రాసి ఉంచెను. తరువాతి యేండ్లలో బో అను కుక్క అతని ఇంటిలో తిరిగెను.

కుక్క వచ్చినందున కుందేలు చెరిగిపోలేదు. పిల్లవాని మాటలో సగము సత్యమున్నది: “అదే” మరల రాదు. కాని దానినుండి అతడు తీసిన ముగింపు నిలువదు. ఒకదాని స్థలమును మరియొకటి తీసికొనలేనిదైతే, క్రొత్తది దేనిని దొంగిలించుచున్నది? ద్రోహము వేరొక చోట ఉన్నది. క్రొత్తదానికి పాత పేరే పెట్టి, అదే మచ్చను వెదకి, “అది పిలిస్తే వచ్చేది, నీవు రావేం?” అని కసరుట పోయినదానికిని న్యాయము కాదు, వచ్చినదానికిని కాదు. పస్ వంటిది కాలేదని కౌపర్ టైనీని విడిచిపెట్టలేదు.

మరియొక సంగతి ఉన్నది. ఇండ్లలో దీనిని అంతగా తలంపరు. మేనెల ఎండలో గిన్నె ఎండిపోయినందుననో, తలుపు గడియ వేయక పిల్లి చొరబడినందుననో ఆ ప్రాణి చనిపోయిన యెడల, గడియ బాగుచేయక ముందే మరియొకదానిని తెచ్చుట ఓదార్పు కాదు, నిర్లక్ష్యము. వృద్ధులు కొందరు, “ఇక నా చేత కాదు, అది చాలు” అందురు. వారిని బలవంతపెట్టకూడదు.

గూటిలో జతగా ఉన్న రెండింటిలో ఒకటి పోయినప్పుడు ప్రశ్నయే మారిపోవును. గినీపిగ్గులు గుంపుగా బ్రదుకునవి. స్విట్జర్లాండులో 2008 నాటి నిబంధనలు వాటిని ఒంటరిగా ఉంచరాదని ఆజ్ఞాపించినవి. మిగిలినది మేత మాని మూలన కూర్చున్నప్పుడు, ఇంటివారి దుఃఖము తీరినదా లేదా అనునది రెండవ విషయము. తోడు కావలసినది దానికి. అప్పుడు “నాకు వద్దు” అనిన పిల్లవాడే తరచుగా మొదట ఒప్పుకొనును.

“అది మరల కనబడునా?” అని కూడ అతడు అడుగును. జాన్ వెస్లీ రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయముపై చేసిన ప్రసంగములో మూగజీవులు సహితము ఒకనాడు పునరుద్ధరింపబడునని నమ్మకముతో పలికెను. అందరు బోధకులును అంత దూరము పోలేదు. పిల్లవానిని ఊరుకొనబెట్టుటకై తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పనక్కరలేదు. ఆ జీవిని చేసినవాడు దానిని మరచిపోలేదని చెప్పిన చాలును.

ఇక పాత గూడు. జబ్బుతో పోయినదాని గూటిని మరుగు నీళ్లతో కడిగి, గడ్డి యంతయు కాల్చి, బాగుగా ఆరనియ్యవలెను. కౌపర్ ఇంటి బెస్, కడిగిన పెట్టె తడి ఆరకముందే అందులో ఉంచబడినందుననే చనిపోయెను. రెండు మూడు దినములైనను ఎండలో బోర్లించి ఉంచుట మంచిది. ఆ దినములలో పిల్లవాడు జామచెట్టు దగ్గరకు ఒంటరిగా పోవుచుండును; ఎవరును పిలువక ఊరకుండవలెను. మూడవనాడో నాలుగవనాడో, గూటికి క్రొత్త గడ్డి ఎంత కావలెనని అతడే వచ్చి అడుగును.